దావీదు త్రాగని నీళ్ళు

(రేడియో సందేశము)

వాక్యభాగము: 2 సమూయేలు 23:13-17, 24:1-25

   బైబిలు దగ్గర ఉన్నవారు రెండవ సమూయేలు గ్రంథము 23వ అధ్యాయము తెరచి పెట్టుకొనండి.

ఈ రోజు యుద్ధమును గూర్చి మాట్లాడాలని ప్రభువు నన్ను ప్రేరేపించుచున్నాడు. "పాస్టరుగారూ, యుద్ధాల సంగతి మనకెందుకు? రక్షణను గూర్చి చెప్పండి" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను కూడ చాలాకాలం అలాగే అనుకొన్నాను. అయితే ప్రియులారా, యుద్ధము ఇప్పుడు ఎక్కడో సరిహద్దులో లేదు. మన చేతిలోని సెల్‌ఫోనులోకి వచ్చింది. మన భోజనాల బల్ల దగ్గరకు వచ్చింది. నేను మీతో దాచకుండా చెబుతున్నాను, అది నా ప్రార్థనలోకి కూడ వచ్చింది.

2025 మే 11వ తేదీ ఆదివారము. నాలుగు రోజులుగా మన దేశానికీ పాకిస్తానుకూ మధ్య క్షిపణులు, డ్రోన్లు తిరిగాయి. ముందురోజు సాయంత్రమే కాల్పులు ఆగాయి. ఆ ఆదివారము ఆరాధనలో నేను చాలా గట్టిగా ప్రార్థన చేశాను. విజయమును గూర్చి, బలమును గూర్చి మాటలు ధారాళంగా వచ్చాయి. సంఘము ఎన్నడూ లేనంత బిగ్గరగా ఆమేన్ అన్నది. ఆ ఆమేన్ నాకు బాగుంది. అది కూడ మీతో ఒప్పుకొంటున్నాను.

ఆరాధన అయిన తరువాత బయట వేపచెట్టు క్రింద యౌవనస్థులు నలుగురైదుగురు ఒకే ఫోను చుట్టూ చేరి వీడియోలు చూస్తున్నారు. ఒక చుక్క కదులుతుంది, మంట లేస్తుంది, వీళ్ళు చప్పట్లు కొడుతున్నారు. క్రికెట్టు ఆటలో వికెట్టు పడినట్టే. ప్రక్కనే నీళ్ళకుండ దగ్గర మా సంఘపెద్ద ఒకరు స్టీలు గ్లాసుతో నిలబడి ఉన్నారు. ఆయన సైన్యంలో సుబేదారుగా పదవీ విరమణ చేసినవారు. డెబ్బై నాలుగేళ్ళు. ఆయన పేరు చెప్పవద్దన్నారు. ఈ సంగతి మాత్రం ఆయన అనుమతితోనే చెబుతున్నాను.

ఆయన ఆ గ్లాసు క్రింద పెట్టి నా దగ్గరకు వచ్చారు. "అయ్యగారూ, తమరు గెలుపు గురించి ప్రార్థన చేశారు. ఖర్చు గురించి ఒక్క మాట అనలేదండి" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. "ఖర్చంటే ఏమిటండీ సుబేదారుగారూ, బడ్జెట్టా?" అన్నాను. ఆయన నవ్వలేదు. కుర్చీలో కూర్చొని, ఇరవై ఏళ్ళుగా నేనెరిగిన ఆ మనిషి మొదటిసారి తన యుద్ధము గురించి చెప్పారు.

1971 డిసెంబరులో ఆయనకు ఇరవై ఏళ్ళు. మద్రాస్ సాపర్స్ దళములో ఉన్నారు. పశ్చిమ సరిహద్దులో షకర్‌గఢ్ ప్రాంతము. శత్రువు భూమిలో పాతిన మందుపాతరలను తీసి, మన ట్యాంకులు వెళ్ళడానికి దారి చెయ్యడం వాళ్ళ పని. శుభ్రం చేసిన దారికి రెండు ప్రక్కలా తెల్లటి టేపు కడతారట. టేపు లోపల బ్రదుకు, టేపు అవతల చావు. ఒక రాత్రి వాళ్ళ దగ్గర నీళ్ళు అయిపోయాయి. శ్రీకాకుళం వైపు కుర్రవాడు ఒకడు, ఈయన కంటే చిన్నవాడు, "నేను తెస్తానన్నా" అని వెనక్కి వెళ్ళాడు. తిరిగి వస్తుండగా దగ్గరలో గుండు పడింది. తప్పించుకోబోయి టేపు దాటి అడుగు వేశాడు.

"అబ్బాయి రాలేదండి. నీళ్ళ డబ్బా మాత్రం తెల్లారాక మాకు చేరింది. మేమేం చేశామో తెలుసా అయ్యగారూ? తాగాం. దాహం వేస్తే ఏం చేస్తామండీ, తాగాం."

ప్రియులారా, నేను సెమినరీలో నాలుగేళ్ళు చదువుకొన్నాను. ఆ తరువాత సమూయేలు గ్రంథము మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. అయితే ఆ మధ్యాహ్నము వరకు రెండవ సమూయేలు 23వ అధ్యాయము నాకు అర్థం కాలేదని చెప్పాలి. ఆ వాక్యభాగమునే ఈ దినము మీతో ధ్యానించాలని కోరుచున్నాను. మూడు సంగతులు గమనించుదము.

మొదటిది. దగ్గర నుండి చూసినవాడు ఆ నీళ్ళు తేలికగా త్రాగలేడు.

దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. కోతకాలము. అతని స్వంత ఊరైన బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగి ఉంది. మన ఊరి నీళ్ళు మనకు గుర్తుకొచ్చినట్టే అతనికీ గుర్తుకొచ్చాయి. బేత్లెహేము గుమ్మము దగ్గరి బావి నీళ్ళు ఎవరైనా తెచ్చిస్తే ఎంత బాగుండును అని నోరు జారాడు. అది ఆజ్ఞ కాదు, ఒక నిట్టూర్పు మాత్రమే. ముగ్గురు శూరులు ఆ మాట విన్నారు. శత్రువుల దండును చీల్చుకొని వెళ్ళి, నీళ్ళు చేది తెచ్చారు. అప్పుడు దావీదు ఏమి చేశాడు? ఆ నీళ్ళు త్రాగలేదు. యెహోవా సన్నిధిని నేలమీద పారబోశాడు. ప్రాణాలకు తెగించి వెళ్ళిన మనుష్యుల రక్తము నేనెలా త్రాగుతాను అన్నాడు.

కొందరు అడుగుతారు, అంత కష్టపడి తెచ్చినవారిని అవమానించినట్టు కాదా అని. కాదు ప్రియులారా. ఆ నీళ్ళ వెల తనకంటే పెద్దదని గుర్తించాడు. దేవునికి మాత్రమే అర్పించదగినంత వెల అది. పాత్రలో నీళ్ళున్నాయి, అయితే దావీదు కళ్ళకు రక్తము కనబడింది. ఎందుకంటే అతడు సైనికుడు. ఆ దండును దాటడమంటే ఏమిటో అతనికి తెలుసు.

ఇటీవలి చరిత్రలో ఇలాంటి ఒక సైనికుడు ఉన్నాడు. డ్వైట్ ఐసెన్‌హోవర్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రము, అబిలీన్ అనే చిన్న పట్టణములో పెరిగాడు. అతని కుటుంబము రివర్ బ్రెదరన్ అనే, ఆయుధము పట్టని విశ్వాసుల సమాజము నుండి వచ్చింది. తల్లి ఐడా యుద్ధమును పాపముగా ఎంచే భక్తురాలు. 1911లో కుమారుడు వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలకు బయలుదేరితే ఆమె ఆపలేదు గాని, గదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఆ కుమారుడే రెండవ ప్రపంచ యుద్ధములో, పశ్చిమ ఐరోపాలో మిత్రరాజ్యాల సైన్యాలన్నిటికీ సర్వసేనాధిపతి అయ్యాడు.

1944 జూన్ 5వ తేదీ సాయంత్రము. మరునాడే లక్షన్నరకు పైగా సైనికులు ఫ్రాన్సు దేశములోని నార్మండీ తీరము మీద దిగాలి. వారికంటే ముందు రాత్రివేళ పారాచూట్ దళాలు శత్రువు వెనుక దిగాలి. ఆ దళాల్లో అధిక భాగము నశించవచ్చునని తన క్రింది విమానదళాధిపతియే అతణ్ణి హెచ్చరించాడు. నిర్ణయము అతనిదే. వెళ్ళమన్నాడు. అయితే ఆ సాయంత్రము కార్యాలయములో కూర్చోలేదు. ఇంగ్లాండులోని గ్రీన్‌హామ్ కామన్ విమాన స్థావరానికి వెళ్ళి, ముఖానికి మసి పూసుకొని బయలుదేరుతున్న ఆ కుర్రవాళ్ళ మధ్య తిరిగాడు. నీదే ఊరు, నీ పేరేమిటి అని ఒక్కొక్కరిని అడిగాడు. చివరి విమానము లేచే వరకు అక్కడే నిలబడ్డాడు. తాను పంపుతున్నవారి ముఖాలు చూడకుండా పంపకూడదని అతనికి అనిపించింది.

ఆ రోజే అతడు ఒక చిన్న కాగితము వ్రాసి జేబులో పెట్టుకొన్నాడు. ఒకవేళ దాడి విఫలమైతే ప్రపంచానికి ఇవ్వవలసిన ప్రకటన అది. సైన్యము వెనక్కి తీసుకోబడినది అన్న అర్థమిచ్చే మాటలు మొదట వ్రాశాడు. తరువాత వాటిని కొట్టివేసి, సైన్యాన్ని నేనే వెనక్కి తీసుకొన్నాను అని మార్చాడు. సైనికులు చేయగలిగినదంతా చేశారనీ, తప్పు ఏదైనా ఉంటే అది తన ఒక్కనిదేననీ ముగించాడు. ఎంత కంగారులో ఉన్నాడో గాని, క్రింద తేదీ వేసేటప్పుడు జూన్‌కు బదులు జూలై అని వ్రాశాడు. దాడి సఫలమైంది గనుక ఆ కాగితము అవసరము పడలేదు. కాని అది నేటికీ భద్రంగా ఉంది.

ప్రియ సహోదరుడా, ఆ కొట్టివేత గమనించావా? అది జరిగినది, ఇది తీసుకోబడినది అంటే చేసినవాడు ఎవడో కనబడడు. రాజకీయాలలో మనము దినదినము వినే భాష అదే. నష్టము వాటిల్లినది అంటారు. ప్రాణాలు పోయినవి అంటారు. నేను చేశాను అనే మాట ఎవరి నోటా రాదు. ఆ సైనికుడు ఆ రాత్రి తన చేత్తో ఆ భాషను కొట్టివేశాడు.

రెండవది. దూరము మనస్సాక్షిని మొద్దుబారుస్తుంది.

23వ అధ్యాయము చివర దావీదు శూరుల పేర్ల పట్టిక ఉంది. ముగింపులో ఉన్న పేరు ఎవరిదో చూడండి, 39వ వచనము. హిత్తీయుడైన ఊరియా! నీళ్ళు పారబోసిన కథతో ఒకే అధ్యాయములో పరిశుద్ధాత్మ దేవుడు ఈ పేరును కూడ వ్రాయించాడు. ఎందుకు?

11వ అధ్యాయానికి వెళ్ళండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలము, దావీదు మాత్రము యెరూషలేములో ఉండిపోయాడు. బత్షెబ విషయములో పాపము చేశాడు. దాన్ని దాచడానికి ఆమె భర్తయైన ఊరియాను చంపించాడు. ఎలా? కత్తితో కాదు. ఒక ఉత్తరముతో! మిక్కిలి ప్రమాదకరమైన చోట అతణ్ణి నిలబెట్టి, మిగిలినవారు వెనక్కి తగ్గమని యోవాబుకు వ్రాశాడు. ఆ ఉత్తరమును ఊరియాయే తన చేతులతో మోసుకొనిపోయాడు. అతనితో కూడ మరికొందరు సైనికులు చనిపోయారు. వార్త వచ్చినప్పుడు దావీదు ఇచ్చిన జవాబు 25వ వచనములో ఉంది. చింతపడకు, కత్తి ఒకప్పుడు ఒకణ్ణి, మరొకప్పుడు మరొకణ్ణి తింటుంది అనే భావము వచ్చే మాట చెప్పి పంపాడు.

ఇదే మనిషి, ప్రియులారా! ముగ్గురు ప్రాణాలకు తెగించారని ఒక పాత్ర నీళ్ళు త్రాగలేనివాడు ఇప్పుడు మరణవార్త విని భుజాలెగరేస్తున్నాడు. మధ్యలో ఏమి మారింది? గుహలో నుండి మేడ మీదికి వచ్చాడు. దూరము పెరిగింది.

గొల్యాతుతో పోరాడినప్పుడు దావీదు అతని ముఖము చూశాడు. ఆ తరువాత మనిషి తుపాకి, ఫిరంగి, బాంబు, క్షిపణి కనిపెట్టాడు. ఒక్కొక్క ఆయుధముతో చంపేవానికీ చచ్చేవానికీ మధ్య దూరము పెరుగుతూ వచ్చింది. నేడు ఒక మనుష్యుడు వేలాది కిలోమీటర్ల దూరములో, ఏసీ గదిలో, తెర ముందు కూర్చొని డ్రోను నడిపి, డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళి పిల్లలతో భోజనము చేయవచ్చు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తిన నాటి నుండి, కొద్దిపాటి ఖర్చుతో తయారయ్యే చిన్న డ్రోన్లు ఒంటరి సైనికుణ్ణి వెంటాడి చంపడం మనము చూశాము. ఆ దృశ్యాలు అదే గంటలో మన ఫోనులోకి వస్తున్నాయి.

అయితే మా సుబేదారుగారు ఒక మాట చెప్పారు. "డ్రోను దూరం నుంచి చూస్తుందండి. మందుపాతర అసలు చూడనే చూడదు. యుద్ధం అయిపోయిందని దానికెవరూ చెప్పరు. సైనికుడి కాలేదో, పశువులు కాసే పిల్ల కాలేదో దానికి తెలీదు" అన్నారు. మందుపాతరలను నిషేధించే ఒప్పందము 1997లో ఒట్టావా నగరములో కుదిరింది. నూట అరవైకి పైగా దేశాలు అందులో చేరాయి. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాను చేరలేదు. మన దేశమూ చేరలేదు.

వేపచెట్టు క్రింద ఆ పిల్లలు చెడ్డవారు కారు. వారిలో ఇద్దరు సండే స్కూలులో నా దగ్గరే నేర్చుకొన్నారు. వారికి కనబడింది తెర మీద చుక్క. సుబేదారుగారికి కనబడింది నీళ్ళ డబ్బా. తేడా అంతే. మరి నాకేమి కనబడింది? నేను పులిపీఠము మీద నిలబడి ప్రార్థించాను గదా, నాకూ చుక్కే కనబడింది. దైవసేవకులారా, పులిపీఠము కూడ ఒక మేడయే. అక్కడి నుండి మనము పంపే మాటలు ఊరియా మోసిన ఉత్తరములా ఉండకుండా జాగ్రత్తపడుదము.

మూడవది. లెక్కను నమ్ముకొన్నవాడు చివరకు దేవుణ్ణి మరచిపోతాడు.

24వ అధ్యాయములో దావీదు వృద్ధుడైన సైనికుడు. ఇప్పుడు తనకు ఎంతమంది కత్తి దూసేవారున్నారో లెక్కించాలని కోరిక పుట్టింది. అడ్డు చెప్పినవాడు ఎవరు? ప్రవక్త కాదు, యాజకుడు కాదు. సేనాధిపతియైన యోవాబు! అతని చేతులకు ఎంతో రక్తము ఉంది. అలాంటివాడే, దేవుడు జనులను నూరంతలు చేయును గాక, రాజుకు ఈ కోరిక ఎందుకు అని అడిగాడు. రాజు వినలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములు లెక్కించారు. ఇశ్రాయేలులో ఎనిమిది లక్షలు, యూదాలో అయిదు లక్షలు తేలారు. ఆ లెక్క చేతికి వచ్చిన తరువాతనే దావీదు మనస్సు అతణ్ణి గద్దించింది. దేశము మీదికి తెగులు వచ్చి డెబ్బదివేల మంది చనిపోయారు.

దేశానికి సైన్యము వద్దని నేను చెప్పడం లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సైనికులు వచ్చినప్పుడు ఉద్యోగము మానమని అతడు చెప్పలేదు. ఎవరినీ బాధించి దోచుకోవద్దు, జీతముతో తృప్తిపడుడి అని బోధించాడు. కొర్నేలీ శతాధిపతి. మన గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరము అనే ఊరిని మిలటరీ మాధవరము అని పిలుస్తారు. తరతరాలుగా కుమారులను సైన్యానికి పంపిన ఊరు అది. సూర్యాపేట వాడైన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణమిచ్చినప్పుడు తెలుగువారమంతా తల వంచాము. ఆ త్యాగాన్ని తక్కువ చేసే మాట నా నోట రాకూడదు. నేను చెప్పేది వేరు. ఆయుధము కలిగి ఉండడము ఒకటి, ఆయుధములో నమ్మకముంచడము మరొకటి. కీర్తన 20 ఏడవ వచనములో కీర్తనకారుడు గీసిన గీత అదే.

ఐసెన్‌హోవర్ వద్దకు మళ్ళీ వద్దాము. యుద్ధము గెలిచిన ఆ సేనాధిపతి 1953 జనవరి 20న అమెరికా అధ్యక్షుడయ్యాడు. పన్నెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 1న, అరవై రెండేళ్ళ వయస్సులో వాషింగ్టనులోని ప్రెస్బిటేరియన్ సంఘములో బాప్తిస్మము పొందాడు. ఆ సంవత్సరము మార్చి 5న సోవియట్ నాయకుడు స్టాలిన్ మరణించాడు. ఏప్రిల్ 16న ఐసెన్‌హోవర్ పత్రికా సంపాదకుల సభలో, తీవ్రమైన కడుపునొప్పిని ఓర్చుకొంటూ, ఒక ప్రసంగము చేశాడు. శత్రువు చనిపోయాడని సంతోషించలేదు. ఖర్చు లెక్క చెప్పాడు!

వినండి. ఒక భారీ బాంబరు విమానము ఖర్చుతో ముప్పైకి పైగా పట్టణాలలో ఒక్కొక్క పక్కా బడి కట్టవచ్చు అన్నాడు. లేదా అరవై వేల జనాభా గల పట్టణానికి సరిపోయే విద్యుత్ కేంద్రాలు రెండు. లేదా అన్ని వసతులున్న ఆసుపత్రులు రెండు. ఒక యుద్ధ విమానానికి అయిదు లక్షల బుషెళ్ళ గోధుమలు చెల్లిస్తున్నాము అన్నాడు. అది మన లెక్కలో పదమూడు వేల టన్నుల పైమాటే. ఒక యుద్ధనౌకకు ఎనిమిది వేల మందికి సరిపడే ఇళ్ళు. తయారైన ప్రతి తుపాకి ఆకలిగొన్నవాని అన్నములో నుండి తీసిన దొంగసొత్తు అనే భావముతో మాట్లాడాడు. ఈ మాట శాంతి ఊరేగింపులో వెళ్ళేవాడు అనలేదు. అయిదు నక్షత్రాల జనరల్ అన్నాడు. మా సుబేదారుగారు ఖర్చు అన్నది దీన్నే.

1959 డిసెంబరులో ఆయన మన దేశానికి కూడ వచ్చాడు. అధ్యక్ష పదవిలో ఉండగా భారతదేశములో అడుగుపెట్టిన మొదటి అమెరికా నాయకుడు ఆయనే. ఆకలితో పోరాడుతున్న కొత్త దేశాన్ని కళ్ళారా చూశాడు. 1961 జనవరి 17న, పదవి దిగిపోవడానికి మూడు రోజుల ముందు, టెలివిజనులో తన ప్రజలకు చివరి హెచ్చరిక చేశాడు. సైన్యము, ఆయుధాలు తయారుచేసే పరిశ్రమలు చేతులు కలిపి ప్రభుత్వము మీద తగని పెత్తనము సంపాదించకుండా చూచుకొనమని, మెలకువ గల పౌరులే దాన్ని అదుపులో పెట్టగలరని చెప్పాడు. రక్షణ అవసరమేనని కూడ అదే నోటితో చెప్పాడు.

అయితే ప్రియులారా, సత్యము పూర్తిగా చెప్పాలి. ఐసెన్‌హోవర్ అధ్యక్షుడైనప్పుడు అమెరికా దగ్గర సుమారు వెయ్యి అణ్వాయుధాలు ఉన్నాయి. ఆయన దిగిపోయేనాటికి పద్దెనిమిది వేలు దాటాయి! హెచ్చరించినవాని చేతి క్రిందనే లెక్క పెరిగింది. యోవాబులో ఉన్న వివేకము, దావీదులో ఉన్న బలహీనత ఒకే మనిషిలో ఉన్నాయి. తెలిసినవాడు కూడ ఆపలేకపోయాడు. ఎందుకు? అవతలివాడు లెక్కపెడుతున్నాడు గనుక మనమూ లెక్కపెట్టాలి అనే భయము. ఆ భయము నేటికీ ఆగలేదు. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద చేసిన ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్‌లోని సిప్రి పరిశోధన సంస్థ లెక్కగట్టింది. 2025 జనవరి నాటికి భూమి మీద ఇంకా పన్నెండు వేలకు పైగా అణ్వాయుధాలు ఉన్నాయి. ఇంత లెక్క ఉన్నా ఏ దేశమూ నిర్భయంగా నిద్రపోవడం లేదు.

మరి తప్పించుకొనే దారి ఏమిటి? 24వ అధ్యాయము చివర దేవుడు దాన్ని చూపించాడు. తెగులు చూచిన దావీదు, పాపము చేసినవాడను నేనే, గొఱ్ఱెల వంటి ఈ ప్రజలేమి చేశారు అని దేవుని ముందు ఒప్పుకొన్నాడు. "కత్తి ఒకణ్ణి తింటుంది" అన్న నోరు ఇప్పుడు "నేనే" అన్నది. అప్పుడు గాదు ప్రవక్త వచ్చి, అరౌనా కళ్ళములో బలిపీఠము కట్టమన్నాడు. అరౌనా కళ్ళమును, ఎద్దులను, కట్టెలను ఉచితముగా ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తెచ్చినదాన్ని దేవునికి అర్పించను అని, యాభై తులముల వెండి ఇచ్చి కొన్నాడు. గమనించండి, సొలొమోను దేవుని మందిరము కట్టింది ఆ కళ్ళము మీదనే. రక్తము విస్తారముగా ఒలికించావు గనుక నీవు మందిరము కట్టకూడదని దేవుడు దావీదుకు చెప్పాడు. ఆ వృద్ధ సైనికుడు మందిరము కట్టలేకపోయాడు గాని, వెల చెల్లించి చోటు సిద్ధపరచి వెళ్ళాడు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, మనకు వెల లేని దేశభక్తి అలవాటైపోయింది. వేరొకని కుమారుడు టేపు అవతల అడుగు వేస్తాడు, మనము చప్పట్లు కొడతాము. వేరొకరి తల్లి ఏడుస్తుంది, మనము వీడియో ఇంకొకరికి పంపుతాము. వెల లేని ప్రార్థన కూడ అలవాటైంది. నేను చేసింది అదే.

యెరూషలేములో ఆ పస్కా రాత్రి, దావీదు కుమారుడైన యేసు ఒక పాత్ర ఎత్తాడు. దావీదు చేతిలోని పాత్రలో ఇతరుల రక్తపు వెల ఉంది, అందుకని త్రాగలేక పారబోశాడు. యేసు చేతిలోని పాత్రలో తన స్వరక్తపు వెల ఉంది, అందుకని మనల నందరిని త్రాగమన్నాడు. లోకములోని రాజులు తమ కొరకు ఇతరులను చావమంటారు. మన రాజు ఇతరుల కొరకు, అందులోను తన శత్రువుల కొరకు, తానే చనిపోయాడు. తప్పు తనది కాకపోయినా తన మీద వేసుకొన్నాడు. ప్రభువు బల్ల దగ్గరకు వచ్చే ప్రతిసారి ఈ తేడాను జ్ఞాపకము చేసుకొని రండి. ఆ పాత్ర పట్టుకొన్న చేతితో మరొకని మరణము చూచి చప్పట్లు కొట్టలేము.

మనము ఏమి చేయగలము? పెద్ద దేశాల ఖర్చును మనము ఆపలేము. అయితే మూడు పనులు చేయగలము. ఒకటి, మరణపు వీడియో వస్తే చూసి నవ్వకుండా, ఇంకొకరికి పంపకుండా, ఆగి ఒక్క నిమిషము ప్రార్థించండి. రెండు, మీ ఊరిలో సైనికుని భార్య, తల్లి, మాజీ సైనికుడు ఎవరైనా ఉంటే ఈ వారములోనే వెళ్ళి చూడండి. ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీ సాయుధ దళాల పతాక దినము. ఆ రోజు పోగయ్యే నిధి సైనికుల వితంతువులకు, అంగవైకల్యము పొందినవారికి వెళ్తుంది. మీ సంఘము ఆ రోజున కానుక పట్టవచ్చు. మూడు, ఓటు వేసేటప్పుడు, నాయకుల మాటలు వినేటప్పుడు, గెలుపు సంగతితో పాటు ఖర్చు సంగతి కూడ అడగండి. ఐసెన్‌హోవర్ చెప్పిన మెలకువ గల పౌరులు మనమే కావాలి.

ఐసెన్‌హోవర్ 1969 మార్చి 28న మరణించాడు. సాధారణ సైనికునికి ఇచ్చే ఎనభై డాలర్ల పెట్టెలో ఆయనను ఉంచి, అబిలీనులో, మూడేళ్ళ ప్రాయములో చనిపోయిన తన మొదటి బిడ్డ ప్రక్కన పాతిపెట్టారు. తాను పంపినవారి కంటే మంచి పెట్టె ఆయనకు లేదు.

మా సంఘములో తరువాతి ఆదివారము నేను ప్రార్థన చేయలేదు. సుబేదారుగారిని చేయమన్నాను. ఆయన లేచి నాలుగే మాటలు ప్రార్థించారు. సరిహద్దులో ఉన్న మన పిల్లల కొరకు ప్రార్థించారు. తరువాత, "ప్రభువా, అవతలి వైపు గస్తీ తిరిగే పిల్లలకు కూడా వాళ్ళ ఊరి నీళ్ళు తాగే భాగ్యమియ్యి" అన్నారు. సంఘము అంత గట్టిగా ఆమేన్ అనలేదు. ఒక సహోదరుడు నా దగ్గరకు వచ్చి, "చర్చిలో శత్రువుల కోసం ప్రార్థనేమిటండీ" అని అడిగాడు. మత్తయి 5వ అధ్యాయము 44వ వచనము తీసి చూపించాను. చదివాడు. ఇంకా సమాధానపడలేదు. అయినా ప్రతి ఆదివారము వస్తున్నాడు. అతని కొరకు, నా కొరకు, మీ కొరకు ప్రార్థించుదము.

తలలు వంచండి.

ప్రేమగల పరలోకపు తండ్రీ, ఇతరులు రక్తమిచ్చి తెచ్చిన నీళ్ళు మేము ఎన్నో త్రాగాము. వెల ఎరుగకుండా త్రాగాము, క్షమించుము. యుద్ధములో ఉన్న ప్రతి సైనికుణ్ణి, బాంబుల క్రింద ఉన్న ప్రతి తల్లిని, బిడ్డను కనికరించుము. దేశాలను ఏలేవారికి "నేనే చేశాను" అని ఒప్పుకొనే ధైర్యమిమ్ము. మేడ మీద నుండి మమ్మును క్రిందికి దింపుము. కత్తులు నాగలి కఱ్ఱులుగా మారే దినమును మా కన్నులకు చూపించుము. సమాధానకర్తయైన యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.